కిడ్నీ సగమే పనిచేస్తుంటే లంగ్ క్యాన్సర్‌కి ఏ కీమో మేలు?

కిడ్నీ రక్తపరీక్షలో మా పెదనాన్న క్రియాటినిన్ 1.4. రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో పెట్టి, అది నేను తెరిచేలోపే ఫోన్ చేశాడు. "ఒకటి పాయింట్ నాలుగంటే ఏటి బాబూ? ఒకటికి కాస్త ఎక్కువ, అంతే కదా! మన ఊళ్లో అయిదూ ఆరూ ఉన్నోళ్లు కూడా తిరుగుతున్నారు."

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు క్రియాటినిన్ అనే మాట కొబ్బరి ధర, జీడిపిక్కల ధర లాగా రోజూ నోట్లో నానే మాట. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారంటే అక్కడి పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ఆ ఊరి లెక్కలో 1.4 అంటే ఆరోగ్యవంతుడే.

కానీ అప్పటికి పది రోజుల క్రితమే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అందులో అడినోకార్సినోమా అనే రకం, నాలుగో స్టేజి, వెన్నెముకకు కూడా పాకింది. మాత్రలకి లొంగే జీన్ మార్పులు ఉన్నాయా అని చూసే టెస్టుల్లో ఈజీఎఫ్‌ఆర్ లేదు, ఏఎల్‌కే లేదు. అంటే మాత్రలతో గడిచే దారి మూసుకుపోయింది, కీమో ఎక్కించాలి. నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో కీమో మందులు కలిపే గదిలో ఫార్మసిస్టుని. ఏ మందు ఇవ్వాలో రాసేది డాక్టరుగారు. రాసిన మోతాదుని కిడ్నీ లెక్కతో సరిచూసి, బ్యాగులో కలిపి, లేబుల్ అంటించి పంపేది నేను. అందుకే ఈ "ఏది మేలు?" ప్రశ్న నా దగ్గరికి రోజూ వస్తుంది. ఈసారి ఇంట్లోంచి వచ్చింది.

ముందు ఏ అంకెని నమ్మాలి?

మందుల పోలిక తర్వాత. అసలు కిడ్నీ ఎంత పనిచేస్తోందో తేలకపోతే పోలికకు అర్థమే లేదు. క్రియాటినిన్ కండ నుంచి పుట్టే చెత్త, కిడ్నీ వడకట్టి బయటికి పంపాలి. కండ తక్కువున్న మనిషిలో చెత్త తక్కువ పుడుతుంది కాబట్టి, కిడ్నీ దెబ్బతిన్నా అంకె పెద్దగా పెరగదు. క్యాన్సర్ వచ్చినవాళ్లు చిక్కిపోయి ఉంటారు, కండ కరిగిపోయి ఉంటుంది. అందుకని వాళ్ల క్రియాటినిన్ మంచి కబురే చెబుతుంది, చాలాసార్లు అబద్ధం చెబుతుంది.

మేం వాడే లెక్క 1976 నాటిది, కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరిది. 140లోంచి వయసు తీసేయాలి, బరువుతో హెచ్చవేయాలి, వచ్చినదాన్ని 72 ఇంటూ క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్లకైతే 0.85తో మళ్లీ హెచ్చవేయాలి. పెదనాన్నకు 68 ఏళ్లు, 50 కిలోలు. 140లోంచి 68 పోతే 72. పైన 72, కింద 72 కొట్టుకుపోయాయి. ఇక మిగిలింది 50 బై 1.4, అంటే 36. అంటే కిడ్నీ వడకట్టేది నిమిషానికి 36 మిల్లీలీటర్లు. ఫోన్‌లో ఈ అంకె చెప్పలేదు. "కాస్త తక్కువే ఉంది పెదనాన్నా, చూద్దాం" అన్నాను.

తమాషా ఏమిటంటే, అదే రిపోర్టులో కింద ఈజీఎఫ్‌ఆర్ 55 అని అచ్చయి ఉంది. (క్యాన్సర్ జీన్‌కీ కిడ్నీ లెక్కకీ పొట్టి పేరు ఒకటే కావడం మా ఫీల్డులో పాత తలనొప్పి. ఇకమీదట ఈజీఎఫ్‌ఆర్ అంటే జీన్ అనే అనుకోండి.) ల్యాబ్ వాళ్ల ఫార్ములాలో బరువు ఉండదు. సగటు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి సరిపోయేలా చేసిన లెక్క అది. 50 కిలోల మనిషికి అది ఎక్కువ చూపిస్తుంది. కీమో మందుల మీద రాసే కిడ్నీ హద్దులు చాలావరకు ఆ పాత లెక్కతో కట్టినవి. అంచుల్లో ఉన్న మనిషికి ల్యాబ్ అంకె చూసి మందు రాస్తే ఒక మెట్టు పైన రాసినట్టే.

పెదనాన్న అంకె 36కి పడిపోవడంలో కొంత తప్పు కిడ్నీది కాదు కూడా. వెన్నునొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు రెండు వారాలుగా డైక్లోఫినాక్ సూదులు వేస్తున్నాడు. ఆకలి లేక నీళ్లు తాగడమూ తగ్గింది. సూదులు ఆపి, సెలైన్ పెట్టి, వారం తర్వాత మళ్లీ చూస్తే క్రియాటినిన్ 1.1. లెక్క 45కి వచ్చింది. ల్యాబ్ ఫార్ములా మాత్రం 73 అంటోంది. ఒకే మనిషి, ఒకే రక్తం, ఒక లెక్కలో 45, ఇంకో లెక్కలో 73! ఇలాంటప్పుడు డీటీపీఏ స్కాన్ చేయిస్తారు. రేడియో ఐసోటోపు ఇచ్చి కిడ్నీ దాన్ని ఎంత వేగంగా వడకడుతోందో నేరుగా కొలుస్తారు. అందులో 47 వచ్చింది. పాత లెక్కే దగ్గరగా ఉంది.

36, 45, 47, 55, 73. ఈ అయిదు అంకెల్లో ఏది పట్టుకుంటామన్నదాన్ని బట్టి మందే మారిపోతుంది.

సిస్‌ప్లాటిన్ మేలా, కార్బోప్లాటిన్ మేలా?

లంగ్ క్యాన్సర్ కీమోలో ఎక్కువమందికి రెండు మందులు కలిపి ఇస్తారు. ఒకటి ప్లాటినం మందు, రెండోది దాని జోడీ. ప్లాటినంలో పెద్దది సిస్‌ప్లాటిన్. 1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద కరెంటు ప్రయోగం చేస్తుంటే, ప్లాటినం కడ్డీల నుంచి ఏదో కరిగి అవి విడిపోకుండా ఆగిపోయాయి. అలా బయటపడిన మందు 1978లో అమెరికాలో అనుమతి పొందింది. దాని తమ్ముడు కార్బోప్లాటిన్ అక్కడ 1989లో వచ్చింది. అన్న కిడ్నీల్ని పాడుచేస్తున్నాడు కాబట్టే తమ్ముణ్ని తయారుచేశారు.

సిస్‌ప్లాటిన్‌తో సమస్య ఏమిటంటే అది కిడ్నీ గుండా పోవడమే కాదు, పోతూ పోతూ కిడ్నీ గొట్టాల కణాల్లోకి దూరి అక్కడే పేరుకుంటుంది. సైకిల్‌కి చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. పెదనాన్న సైజుకి సుమారు 112 మిల్లీగ్రాములు. ఆ కాస్త మందు వెనక రెండు లీటర్ల సెలైన్, అందులో మెగ్నీషియం, పొటాషియం, మూడు నాలుగు రకాల వాంతి మందులు. ఇన్ని చేసినా నలుగురైదుగురిలో ఒకరికి, కొన్నిచోట్ల ముగ్గురిలో ఒకరికి కిడ్నీ ఎంతో కొంత దెబ్బతింటుంది. వాంతులైతే ఒంట్లో నీళ్లు పోయి ఆ దెబ్బ రెట్టింపు. చెవుల్లో గుయ్‌మనే మోత, వేళ్ల తిమ్మిరి సరేసరి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు అన్ని సెలైన్లు తట్టుకోలేరు. మామూలుగా కిడ్నీ అంకె 60 కన్నా తక్కువ ఉంటే ఇవ్వరు. కొందరు డాక్టర్లు 50 దాకా వెళ్తారు. ఇంకా కిందికి దిగేవాళ్లు మోతాదుని రెండుగా చీల్చి, వారం తేడాతో ఇస్తారు.

కార్బోప్లాటిన్ కూడా కిడ్నీ గుండానే పోతుంది, కానీ పెద్దగా పాడుచేయకుండా పోతుంది. అందుకే దాని మోతాదు ఒంటి సైజుని బట్టి కాదు, కిడ్నీని బట్టి కడతారు. కాల్వర్ట్ ఫార్ములా అంటారు. కిడ్నీ అంకెకు 25 కలిపి, మనకు కావలసిన ఏయూసీతో (రక్తంలో మందు ఏ మట్టంలో ఉండాలో చెప్పే అంకె, మామూలుగా 5 లేదా 6) హెచ్చవేయడమే. పెదనాన్నకు 47కి 25 కలిపితే 72, అయిదు డెబ్బై రెళ్లు 360 మిల్లీగ్రాములు. అదే కిడ్నీ 90 ఉన్న కుర్రాడికి 575 వచ్చేది. ఇద్దరి రక్తంలోనూ మందు ఒకే మట్టంలో ఉంటుంది. కిడ్నీ బలహీనంగా ఉంది కాబట్టి మందు తగ్గించి "నీరసం కీమో" ఇస్తున్నారని రోగి వెంట వచ్చినవాళ్లు చాలామంది బాధపడతారు. నిజానికి తగ్గించింది మిల్లీగ్రాములే, ఒంట్లో మందు పనిచేసే మట్టం తగ్గలేదు. నాకు ఈ ఫార్ములా అంటే ఇష్టం. కీమోల్లో కిడ్నీకి ఇంత మర్యాద ఇచ్చే మందు ఇంకోటి లేదు.

మరి తమ్ముడు అన్నంత బలంగా పనిచేస్తాడా? 2007లో తొమ్మిది ట్రయల్స్‌లోని 2968 మంది వివరాలు కలిపి చూశారు, అందరూ ముదిరిన నాన్ స్మాల్ సెల్ లంగ్ క్యాన్సర్ రోగులు (పెదనాన్న అడినో కూడా ఈ కోవలోదే). గడ్డ కరిగింది సిస్‌ప్లాటిన్‌తో 30 శాతం మందిలో, కార్బోప్లాటిన్‌తో 24 శాతం మందిలో. బతికిన కాలం మధ్యస్థంగా 9.1 నెలలు, 8.4 నెలలు. మొత్తమ్మీద బతికిన కాలంలో ఈ తేడా గట్టిగా చెప్పుకోగలిగినది కాదు, కానీ అడినో లాంటి రకాల్లో అన్నకు కొంచెం మొగ్గు కనిపించింది. మూడు వారాల బతుకు కోసం మిగిలిన కిడ్నీని పణంగా పెట్టాలా అనేది ప్రశ్న. నాలుగో స్టేజిలో, కిడ్నీ 60 కన్నా కింద ఉన్నవాళ్లకి నా లెక్కలో జవాబు కార్బోప్లాటిన్. దీని మీద డాక్టర్లతో వాదించాల్సిన పని నాకు ఎప్పుడూ పడలేదు.

కార్బోప్లాటిన్ కూడా దాని పన్ను అది వసూలు చేస్తుంది. ప్లేట్‌లెట్స్ పడిపోతాయి. అవి బాగా తగ్గేది రెండు, మూడు వారాల మధ్య, సరిగ్గా "కీమో ఒళ్లు విడిచింది" అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే రోజుల్లో. ఇంకో ప్రమాదం, బాగా చిక్కిపోయినవాళ్లలో క్రియాటినిన్ 0.5 అలా వస్తే ఫార్ములా కిడ్నీని ఆకాశానికెత్తి, మోతాదు అమాంతం పెంచేస్తుంది. అందుకే చాలాచోట్ల 0.7 కన్నా తక్కువ వచ్చినా 0.7గానే లెక్కలో వేస్తారు.

లంగ్ క్యాన్సర్‌లో రెండో పెద్ద రకమైన స్మాల్ సెల్‌కైతే ఇంత ఆలోచన కూడా అక్కర్లేదు. 2012లో నాలుగు ట్రయల్స్ కలిపి 663 మందిని చూస్తే బతికిన కాలం సిస్‌ప్లాటిన్‌తో 9.6 నెలలు, కార్బోప్లాటిన్‌తో 9.4. కిడ్నీ బాగోలేనివాళ్లు కార్బోప్లాటిన్ తీసుకుని నిశ్చింతగా ఉండొచ్చు. అక్కడ కిడ్నీ చూసి తగ్గించాల్సింది జోడీ మందు ఎటోపొసైడ్‌ని. 15 నుంచి 50 మధ్య ఉంటే నాలుగింట మూడొంతులే ఇస్తారు.

ఎక్కడ సిస్‌ప్లాటిన్ కోసం పట్టుబట్టాలి

క్యాన్సర్ పూర్తిగా నయమయ్యే అవకాశం ఉన్నచోట. ఆపరేషన్ చేసి గడ్డ తీసేశాక, మళ్లీ రాకుండా ఇచ్చే కీమోలో సిస్‌ప్లాటిన్ వల్ల అయిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు నూటికి అయిదుగురు అదనంగా ఉన్నారని 2008లో వచ్చిన పెద్ద విశ్లేషణ లెక్క, కచ్చితంగా చెప్పాలంటే 5.4 శాతం. ఆ రుజువంతా సిస్‌ప్లాటిన్‌దే. కార్బోప్లాటిన్‌కి ఆ స్థాయి రుజువు లేదు.

మూడో స్టేజిలో రేడియేషన్‌తో పాటు ఇచ్చే కీమోలో కూడా ఇదే పేచీ. ఒకవైపు సిస్‌ప్లాటిన్-ఎటోపొసైడ్, ఇంకోవైపు వారం వారం చిన్న మోతాదులో కార్బోప్లాటిన్-పాక్లిటాక్సెల్. చైనాలో ఈ రెండింటినీ నేరుగా పోటీ పెట్టి 2017లో ఫలితాలు ప్రకటించారు. మూడేళ్లకు మొదటి జట్టులో 41 శాతం మంది, రెండో జట్టులో 26 శాతం మంది బతికున్నారు. ఊపిరితిత్తుల వాపు రెండో జట్టులోనే ఎక్కువ, అన్నవాహిక పుండ్లు మొదటి దాంట్లో ఎక్కువ. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల రికార్డులు తిరగేసినప్పుడు మాత్రం ఆయుష్షులో తేడా కనబడలేదు, సిస్‌ప్లాటిన్ వైపు బాధలే ఎక్కువ కనిపించాయి. కాబట్టి కిడ్నీ 50, 55 ఉన్న మనిషి, నయం చేసుకునే అవకాశం ఉంటే, "కిడ్నీ తక్కువుంది కదా" అని ఒక్క ముక్కతో సిస్‌ప్లాటిన్‌ని కొట్టేయకుండా నెఫ్రాలజిస్టునీ కూర్చోబెట్టి మాట్లాడాలి. నొప్పి మాత్రలు ఆపి, నీళ్లు పట్టించి, మోతాదు చీల్చి ఇవ్వొచ్చేమో చూడాలి. 40 ఉంటే మాత్రం ఆ మాటే వద్దు. కిడ్నీ పోగొట్టుకుని డయాలసిస్ మంచం మీద నయం కావడం అందరికీ నయం అనిపించదు.

అసలు తగవు జోడీ మందుల్లోనే

నేను చూసినంతలో కిడ్నీ కేసుల్లో పొరపాటు జరిగేది ప్లాటినం దగ్గర కాదు. సిస్‌ప్లాటిన్ అంటే అందరికీ భయమే, అందరూ రెండుసార్లు చూస్తారు. రెండో మందుని ఎవరూ అంతగా పట్టించుకోరు.

అడినో రకానికి అందరూ ఇష్టపడే జోడీ పెమెట్రెక్సెడ్. ఇష్టపడడంలో తప్పు లేదు. పది నిమిషాల్లో ఎక్కుతుంది, జుట్టు పెద్దగా రాలదు, తిమ్మిర్లు తక్కువ, నాలుగు కీమోల తర్వాత ఒంటరిగా నెలల తరబడి కొనసాగించుకోవచ్చు. కాకపోతే అది 70 నుంచి 90 శాతం దాకా ఏ మార్పూ లేకుండా ఒక్కరోజులో మూత్రంలోనే పోవాలి. పోవడం ఆలస్యమైతే ఎముక మజ్జని, నోటి పొరల్ని, పేగుని పట్టుకుని కూర్చుంటుంది. కిడ్నీ అంకె 45 కన్నా కింద ఉంటే ఇవ్వకూడదని మందు కాగితంలోనే రాసి ఉంటుంది. కిడ్నీ బాగోలేనివాళ్ల మీద ఈ మందుని పరీక్షించిన తొలినాళ్లలో, కిడ్నీ అంకె 19 ఉన్న ఒక రోగి ఫోలిక్ యాసిడ్, బీ12 లేకుండా ఈ మందు తీసుకుని దాని విషప్రభావంతో చనిపోయారు. ఆ రెండు విటమిన్లు ఈ మందుకి తోక కాదు, తలకాయ. మొదటి కీమోకి వారం ముందు నుంచే రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర, వారం ముందే బీ12 సూది, తర్వాత తొమ్మిది వారాలకోసారి మళ్లీ సూది. "విటమినే కదా" అని మానేసినవాళ్లని నోరంతా పూసి, మజ్జిగ కూడా మింగలేని స్థితిలో చూశాను.

దీనికి ఎదురుగా నిలబడేది పాక్లిటాక్సెల్. ఇది లివర్ మందు, అంటే ఒంట్లోంచి లివర్ గుండా పోయేది. కిడ్నీ గుండా పోయేది చాలా కొద్ది, డయాలసిస్ రోగులకు కూడా ఇస్తారు. మూడు గంటలు ఎక్కించాలి. ఆముదం నుంచి తీసిన ఒక ద్రావకంలో కలిసి వస్తుంది కాబట్టి ఎలర్జీ రాకుండా ముందే స్టెరాయిడ్, ఎవిల్ లాంటి సూదులు వేస్తారు. జుట్టు మొత్తం పోతుంది. అన్నిటికన్నా పెద్ద బాధ తిమ్మిర్లు.

పెదనాన్న అంకె 47. హద్దు 45. కాగితం మీద పెమెట్రెక్సెడ్ ఇవ్వొచ్చు. ఊళ్లో ఉన్న అన్నయ్య కూడా అదే అడిగాడు, "జుట్టు పోనిది ఉందంట కదా, రెండు పాయింట్లు ఎక్కువే ఉంది కదా, అదే పెట్టించు." నాకు మనసొప్పలేదు. కారణం చిన్న లెక్క. 50 కిలోల మనిషి మూడు కిలోలు తగ్గితే, క్రియాటినిన్ చుక్క కూడా కదలకుండా 1.1 దగ్గరే ఉన్నా, కొత్త బరువు 47 కిలోలు బై 1.1 చేస్తే 43కి కాస్త తక్కువ. రిపోర్టులో ఎర్ర అక్షరాలు పడవు, ల్యాబ్ అంతా నార్మల్ అంటుంది, మనిషి మాత్రం హద్దు కిందికి జారిపోయి ఉంటాడు. రెండు కీమోలకు మూడు కిలోలు తగ్గడం అసలు వార్తే కాదు. పైగా పెమెట్రెక్సెడ్ నెలల తరబడి వాడితే అదే కొందరిలో కిడ్నీని మెల్లమెల్లగా అరగదీస్తుంది. ప్రతిసారీ 0.1 పెరుగుతుంది, ప్రతిసారీ "పోయినసారి కంటే కొంచెమే కదా" అనిపిస్తుంది. ఇంకా, నొప్పి ఎక్కువై ఆయన మళ్లీ ఆ ఆర్‌ఎంపీ సూది వేయించుకోడని ఎవరు హామీ ఇస్తారు? కిడ్నీ 45కీ 79కీ మధ్య ఉన్నవాళ్లు పెమెట్రెక్సెడ్‌కి రెండు రోజుల ముందూ, ఆ రోజూ, తర్వాత రెండు రోజులూ ఐబుప్రొఫెన్ ముట్టకూడదు. మిగతా నొప్పి సూదులకీ ఇదే జాగ్రత్త.

మా డాక్టరుగారు కూడా అదే తేల్చారు. కార్బోప్లాటిన్ 360, పాక్లిటాక్సెల్ 260 మిల్లీగ్రాములు. మొదటి బ్యాగు నేనే కలిపాను. లేబుల్ మీద ఇంటిపేరు చూసి పక్కనున్న అమ్మాయి "మీవాళ్లా అన్నా?" అంది.

మూడో కీమోకి పెదనాన్న బరువు 46.5.

ఇక పాక్లిటాక్సెల్ ఏం వసూలు చేసిందో కూడా చెప్పాలి. నాలుగో కీమో అయ్యాక ఇంటికెళ్తే, అరుగు మీద కూర్చుని చొక్కా గుండీతో కుస్తీ పడుతున్నాడు. గుండీ వేళ్ల మధ్యలోనే ఉంది, ఉన్నట్టు ఆయనకు తెలియడం లేదు. జీడిపిక్క చేత్తో పట్టుకుని పుచ్చో మంచిదో చెప్పే మనిషి. వీధిలో నడుస్తుంటే కాలి చెప్పు ఊడిపోయి నాలుగిళ్ల వెనక పడి ఉంటే, ఎవరో పిల్లాడు పరుగెత్తుకొచ్చి ఇచ్చేదాకా తెలియలేదు. "మందు మంచిదే బాబూ, వేళ్లే నాయి కావు" అన్నాడు. షుగర్ ఉండి అప్పటికే అరికాళ్లు మొద్దుబారినవాళ్లకి నేనైతే పాక్లిటాక్సెల్ వైపు మొగ్గను. మన దగ్గర షుగర్ వల్లే కిడ్నీ పోయినవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ చిక్కు తరచూ వస్తుంది. అలాంటివాళ్లకి జెమ్‌సిటబిన్ నయం. 30 దాకా కిడ్నీ ఉంటే చాలామందికి నడుస్తుంది. దాంతో ప్లేట్‌లెట్స్ ఇంకా పడతాయి, చాలా అరుదుగా కిడ్నీలోని సన్న రక్తనాళాలే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. బీపీ ఒక్కసారిగా పెరిగి, హిమోగ్లోబిన్ పడిపోతే అనుమానించాలి. డోసిటాక్సెల్, వినోరెల్బిన్ రెండూ లివర్ మందులే. డోసిటాక్సెల్‌తో తెల్లకణాలు పడిపోవడం తీవ్రం, ముసలివాళ్లని జ్వరంతో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తెచ్చేది అదే.

కీమోనే కాకుండా

జీన్ టెస్టు చేయించకుండా ఈ పోలికలేవీ మొదలుపెట్టకూడదు. ఈజీఎఫ్‌ఆర్ ఉంటే జెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ మాత్రలకి ఈ మాత్రం కిడ్నీ తగ్గుదల అడ్డే కాదు. ఏఎల్‌కే ఉన్నవాళ్లకి అలెక్టినిబ్ కూడా అంతే. పాతదైన క్రిజోటినిబ్ మాత్రం 30 కన్నా కింద ఉంటే సగానికి తగ్గిస్తారు. అది కిడ్నీకి ఏమీ కాకుండానే క్రియాటినిన్‌ని కొంత పెంచి చూపిస్తుంది కూడా, కంగారుపడి మందు ఆపేయకండి.

ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులు కిడ్నీ గుండా పోయేవి కావు, మోతాదు మార్చక్కర్లేదు. గడ్డ కణాల మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ 50 శాతం దాటితే కీమో లేకుండా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఒక్కటే ఇవ్వొచ్చు. అలాంటివాళ్లలో అయిదేళ్లు బతికినవాళ్లు దాంతో 32 శాతం, కీమోతో 16 శాతం. కిడ్నీ బాగోలేని మనిషికి ఇంతకన్నా మంచి కబురు లేదు. ప్లాటినం తట్టుకోలేని ముసలివాళ్ల మీద చేసిన ఒక ట్రయల్ 2023లో అచ్చయింది. 453 మందిలో కొందరికి అదే జాతి మందు అటెజోలిజుమాబ్, కొందరికి వినోరెల్బిన్ లేదా జెమ్‌సిటబిన్ ఒక్కటే. మధ్యస్థ ఆయుష్షు 10.3 నెలలు, 9.2 నెలలు. పెద్ద తేడా కాదనిపిస్తుంది, కానీ రెండేళ్లకు బతికున్నది 24 శాతం, 12 శాతం. కొద్దిమందికి బాగా పనిచేస్తుంది, మిగతావాళ్లకి చేయదు. ఈ మందులు కొందరిలో కిడ్నీ వాపు తెస్తాయి. గ్యాస్ మాత్ర రోజూ మింగేవాళ్లలో ఆ ముప్పు ఎక్కువ. మన ఇళ్లలో పొద్దున్నే పరగడుపున ప్యాంటాప్ వేసుకోనివాళ్లు ఎవరు! కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లయితే ఇంకా జాగ్రత్త, పెట్టిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టే ప్రమాదం చాలా ఎక్కువ. ఇక ఖర్చు. పెదనాన్నకు పీడీ-ఎల్1 10 శాతమే. కీమోతో కలిపి ఇవ్వొచ్చని డాక్టరుగారు చెప్పారు, ఎంతవుతుందో కూడా చెప్పారు. జీడితోట అమ్ముతానని అన్నయ్య అన్నాడు. పెదనాన్న ఒప్పుకోలేదు. ఆ సంగతి అక్కడితో వదిలేస్తాను.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ల సంగతి క్లుప్తంగా. కార్బోప్లాటిన్ ఫార్ములాలో కిడ్నీని సున్నా వేస్తే 25 ఇంటూ 5, అంటే 125 మిల్లీగ్రాములు. దాన్ని డయాలసిస్ లేని రోజు ఇచ్చి, మర్నాడు డయాలసిస్ చేస్తారు. జోడీగా పాక్లిటాక్సెల్. పెమెట్రెక్సెడ్ పేరెత్తకూడదు. కీమో గదికీ డయాలసిస్ గదికీ మధ్య టైమ్ కుదర్చడమే ఇందులో అసలు పని, మందు ఎంచుకోవడం కన్నా అదే కష్టం.

పెదనాన్నకు ఆరో కీమో తర్వాత గడ్డ సగానికి తగ్గింది. ఏడు నెలలు కుదురుగా ఉండి మళ్లీ పెరిగింది. ఇప్పుడు 69 ఏళ్లు, 46 కిలోలు, క్రియాటినిన్ 1.2. లెక్క వేస్తే 38. రెండో దఫా డోసిటాక్సెల్, కాస్త తగ్గించిన మోతాదులో, పోయిన వారం మొదలుపెట్టారు. దానికి ఈ 38తో పనిలేదు. ఆయన వెన్నునొప్పికి వాడే మార్ఫిన్‌కి ఉంది. అది ఒంట్లో విరిగాక మిగిలే పదార్థాలు కిడ్నీ గుండానే పోవాలి, పోకపోతే మనిషిని మత్తులోకి లాగుతాయి. నిన్న రాత్రి ఫోన్ చేస్తే పెద్దమ్మ ఎత్తింది. "సాయంత్రం నుంచి తూగుతున్నాడురా, కీమో నీరసం కాబోలు" అంది. మాత్ర ఎప్పుడు వేశావు, ఎన్ని వేశావు అని అడిగాను. ఈరోజు డాక్టరుగారితో మాట్లాడి ఫెంటానిల్ ప్యాచ్‌కి మార్పించాను. పలాసలో దొరకలేదు. రాత్రి బస్సుకి ఇచ్చి పంపుతున్నాను.